భార్య కోసం 1967 మస్టాంగ్: ఏ కారు కొనాలి, ఏది ముందు మార్చాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు డెట్రాయిట్ దగ్గర నోవైలో ఉంటున్నారు. మీ ఆవిడకి 1967 ఫోర్డ్ మస్టాంగ్ కారంటే ఎప్పటి నుంచో పిచ్చి. వచ్చే వేసవిలో పదో పెళ్లిరోజు, దానికోసం 40,000 డాలర్లు పక్కన పెట్టారు. రెండు కార్లు చూశారు. ఒకటి 9,000కి ఆరు సిలిండర్ల ప్రాజెక్ట్ కారు (కొన్నాక బాగుచేసుకోవాల్సినది), అమ్మేవాడు 'కొంచెం తుప్పు ఉంది' అన్నాడు. రెండోది 28,000కి నడుస్తున్న 289 వీ8 కూపే, అంటే 289 క్యూబిక్ అంగుళాల ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, గట్టి పైకప్పు, రెండు డోర్లు ఉన్న కారు. మొదటిది కొని, ఆవిడకి తెలియకుండా బాగుచేయించి, అందులో కోయోట్ అనే కొత్త తరం ఫోర్డ్ 5.0 లీటర్ల వీ8 ఇంజిన్ పెట్టించి పెళ్లిరోజున తాళాలు చేతిలో పెట్టాలన్నది మీ ప్లాన్.

నా సమాధానం: 28,000 కారు తీసుకోండి. కోయోట్ సంగతి వదిలేయండి. సర్‌ప్రైజ్ కారు కొనడం వరకే ఉంచండి. సీటు, స్టీరింగ్, గేర్లు, రంగు ఆవిడని అడిగే నిర్ణయించండి. మిగిలిన 12,000లో ముందు బ్రేకులు, సీటు బెల్టులు, తర్వాత స్టీరింగ్, ఆ తర్వాత కూలింగ్, వైరింగ్. హార్స్‌పవర్ అన్నిటికన్నా చివర, అదీ డబ్బు మిగిలితే.

నేను పగలు కార్ల విడిభాగాల కంపెనీలో బ్రేకుల మీద పనిచేస్తాను, శనివారాలు గ్యారేజీలో పాత ఫోర్డులతో గడుపుతాను. కాబట్టి బ్రేకుల గురించి కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఓపిక పట్టండి.

ముందు ఆ 9,000 కారు సంగతి. ఆ తరం మస్టాంగ్‌కి విడిగా చాసిస్ ఉండదు. ఫ్లోరు, కింద ఉండే ఫ్రేమ్ రైల్స్, బాడీ అన్నీ వెల్డింగ్‌తో కలిసి ఒకటే నిర్మాణం. అంటే ఫ్లోరు తుప్పు పడితే కారు ఎముక తుప్పు పట్టినట్టే. అన్నిటికన్నా మోసం చేసేది కౌల్. విండ్‌షీల్డ్ కింద, హుడ్ వెనక చిన్న జాలీ ఉంటుంది చూడండి, దాని కింద డబ్బా లాంటి భాగం. వర్షం నీళ్లు, ఆకులు అందులోకే పోతాయి. ఆకులు కుళ్లి తడి నిలిచి లోపలి నుంచి తినేస్తుంది. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. దాన్ని సరిగ్గా బాగుచేయాలంటే ముందు ఫెండర్లు ఊడదీసి, లెక్కలేనన్ని స్పాట్ వెల్డులు డ్రిల్ చేసి, పై రేకు లేపాలి. పని తెలిసినవాళ్లకే వారాలు పడుతుంది.

పరీక్ష తేలిక. అమ్మేవాడి అనుమతి తీసుకుని ఒక చెంబు నీళ్లు ఆ జాలీలో మెల్లగా పోయండి. ఒకరు టార్చ్ పట్టుకుని డ్యాష్‌బోర్డ్ కింద చూడాలి. నీళ్లు చక్రాల వెనక నుంచి కిందకి పోతే మంచిదే. కార్పెట్ మీద పడితే బేరం అక్కడితో ఆపండి, లేదా ధర సగానికి దించండి. తర్వాత కారు జాకీ మీద లేపించి బ్యాటరీ కింద ఉండే ఫ్రేమ్ రైల్, డోర్ల ముందు భాగంలో ఉండే టార్క్ బాక్సులు (ఫ్రేమ్ రైల్స్‌ని డోర్ల కింది అంచుకి కలిపే రేకు పెట్టెలు), వెనక యాక్సిల్ పైన రైల్స్, ఇంజిన్ గదిలో ముందు స్ప్రింగులని పట్టుకునే షాక్ టవర్ల దగ్గర పగుళ్లు చూడండి. అడుగున కొత్తగా నల్లటి అండర్‌కోటింగ్ కొట్టి ఉంటే సంతోషించకండి, అనుమానించండి. అమెరికా దక్షిణాది కారు, ఉప్పు రోడ్డు చూడలేదు అని చెప్పి అమ్మిన ఒక కారుని మా ఫ్రెండ్ గ్యారేజీలో గీకి చూస్తే ఆ కోటింగ్ కింద రేకు లేదు, ఫైబర్ గుడ్డ, పుట్టీ ఉన్నాయి. ఒక చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకెళ్లండి. పుట్టీ ఉన్నచోట అంటదు.

ఇక ఆరు సిలిండర్ల విషయం. 'తర్వాత వీ8 పెట్టించుకుంటే పోయె' అనిపిస్తుంది. కానీ ఫోర్డ్ ఆ రెండింటినీ దాదాపు వేరే కార్లలాగా కట్టింది. ఆరు సిలిండర్ల కారుకి చక్రానికి నాలుగే బోల్టులు, వీ8కి ఐదు. బ్రేక్ డ్రమ్ములు చిన్నవి, వెనక యాక్సిల్ నాజూకుది, రేడియేటర్ చిన్నది, స్టీరింగ్ లింకేజీ వేరు, స్ప్రింగులు వేరు. ఇంజిన్ ఒక్కటే మార్చి వదిలేస్తే ప్రమాదం, అన్నీ మార్చితే వీ8 కారు కొన్నదానికన్నా ఎక్కువ అవుతుంది. ఆరు సిలిండర్లని ఆరు సిలిండర్లుగానే వాడుకునేవాళ్లకి అది నిజాయితీ గల, చవకైన కారు. మీ ఆవిడ కలలో ఉన్నది వీ8 చప్పుడు అయితే అది కాదు.

కోయోట్ గురించి: 2011 మస్టాంగ్‌తో వచ్చిన అద్భుతమైన ఇంజిన్, ఒప్పుకుంటాను. కానీ నాలుగు క్యామ్‌షాఫ్టులు (వాల్వులు తెరిచే కడ్డీలు) పైన ఉండటం వల్ల చాలా వెడల్పు. 1967 కారులో షాక్ టవర్లు కోస్తే గాని పట్టదు. అవి కోస్తే ముందు సస్పెన్షన్ మొత్తం కొత్తది కావాలి. తర్వాత హై ప్రెషర్ ఫ్యూయల్ సిస్టమ్, కంప్యూటర్, గేర్‌బాక్స్, ఎగ్జాస్ట్. మీ 40,000 అక్కడే అయిపోతుంది, కారు మాత్రం చక్రాల్లేకుండా స్టాండ్ల మీదే ఉంటుంది. సగంలో ఆగిపోయి అమ్మకానికి వచ్చిన మస్టాంగ్‌లు నేను చూసినవాటిలో ఎక్కువ ఇలా ఇంజిన్ మార్పిడి దగ్గర చతికిలపడ్డవే. రెండు బ్యారెల్ కార్బ్యురేటర్‌తో (పెట్రోల్‌ని గాలితో కలిపే భాగం, బ్యారెల్ అంటే గాలి పోయే దారి) ఉన్న మామూలు 289 అప్పట్లో 200 హార్స్‌పవర్ అని రాసేవారు. అది ఈనాటి కొలత కాదు, చక్రాల దగ్గరికి వచ్చేసరికి తక్కువే. అయినా సుమారు 1,300 కిలోల కారుకి అది చాలినంత హుషారు.

కొనేముందు అది నిజంగా పుట్టుకతో వీ8 కారేనా అని తేల్చుకోండి. డ్రైవర్ వైపు డోర్ అంచున ఉన్న ప్లేట్‌ని ఒక్కదాన్నే నమ్మకండి, డోర్లు మారుతుంటాయి. హుడ్ ఎత్తి, డ్రైవర్ వైపు ఫెండర్ లోపలి రేకు మీద కొట్టిన నంబర్ చూడండి. మొదటి అంకె 7 అంటే 1967. తర్వాత అక్షరం ఫ్యాక్టరీ: ఎఫ్ అయితే మన పక్కనే ఉన్న డియర్‌బార్న్, ఆర్ అయితే శాన్ హోసే, టి అయితే న్యూజెర్సీలో మెటచెన్. తర్వాతి రెండంకెలు బాడీ, 01 కూపే, 02 ఫాస్ట్‌బ్యాక్ (పైకప్పు వెనక దాకా వాలుగా ఉండేది), 03 కన్వర్టిబుల్ (పైకప్పు మడిచేది). ఐదో అక్షరం ఇంజిన్. టి అయితే ఆరు సిలిండర్లు, సి అయితే రెండు బ్యారెల్ 289, ఏ అయితే నాలుగు బ్యారెల్ 289, కె అయితే 271 హార్స్‌పవర్ హై పెర్ఫార్మెన్స్ 289, ఎస్ అయితే 390 అనే ఇంకా పెద్ద వీ8. 1967 నుంచి వచ్చిన ఫోర్డులకి మార్టి రిపోర్ట్ అని దొరుకుతుంది. ఫోర్డ్ ఫ్యాక్టరీ రికార్డుల నుంచి తీసి ఆ కారు ఏ రంగుతో, ఏ ఆప్షన్లతో పుట్టిందో చెప్తుంది. ఖర్చు చాలా తక్కువ, తప్పకుండా తెప్పించండి.

ఇది ఎందుకు ముఖ్యమంటే, కె కోడ్ గాని ఎస్ కోడ్ గాని అయితే నా సలహా తలకిందులవుతుంది. వాటిని కదిలించకూడదు, ఒరిజినల్‌గానే ఉంచాలి. సి కోడ్ కూపే అయితే మొహమాటం అక్కర్లేదు. 1967లో ఫోర్డ్ 4,72,121 మస్టాంగ్‌లు చేసింది, అందులో 3,56,271 కూపేలే. మీరు ఏసీ పెట్టించుకున్నారని చరిత్రకి నష్టమేం లేదు. ఒక్క నియమం పెట్టుకోండి: బోల్టులతో బిగించేవే కొనండి, ఏదీ కోయొద్దు, తీసిన ప్రతి పాత భాగాన్నీ చీటీ అంటించి అట్టపెట్టెలో దాచండి. రేపు అమ్మాల్సొస్తే ఆ పెట్టెకే విలువ ఉంటుంది.

సరే, బ్రేకులు. 1966 వరకు మస్టాంగ్‌లో మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి తోసే భాగం) ఒకటే గది. ఎక్కడ లీకైనా నాలుగు చక్రాలకీ బ్రేకులు పోతాయి. 1967 నుంచి రెండు గదులు వచ్చాయి, ముందు చక్రాలకొకటి, వెనక్కొకటి. మీ ఆవిడ సరైన సంవత్సరమే కోరుకున్నారు. అయినా ఎక్కువ కార్లకి నాలుగు వైపులా డ్రమ్ములే. నాలుగైదు సార్లు గట్టిగా తొక్కాక వేడెక్కి పట్టు తగ్గుతుంది, తడిస్తే కారు ఒక పక్కకి లాగుతుంది. ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు, పెడల్ తేలిక చేసే పవర్ బూస్టర్ పెట్టించండి. కిట్టు వెయ్యి డాలర్ల పైచిలుకు. పాత రబ్బరు గొట్టాలు, స్టీలు లైన్లు కూడా అప్పుడే మార్చేయండి. పాత బ్రేక్ షూల దుమ్ముని గాలి కొట్టి ఊదకండి, అందులో ఆస్బెస్టాస్ ఉంటుంది. అలాగే పాత రంగులో సీసం ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో గ్యారేజీలో పొడిగా సాండ్ పేపర్ పట్టొద్దు.

ఇక్కడే ఒక లంకె ఉంది, చాలామంది పట్టించుకోరు. కారు ఆగి ఉన్నప్పుడు వీ8 'గుడుగుడు' మని ఊగాలని రేసింగ్ క్యామ్‌షాఫ్ట్ వేయిస్తారు. అలాంటి క్యామ్‌తో ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) ఇంజిన్ వ్యాక్యూమ్, అంటే గాలిని లోపలికి పీల్చే బలం, పడిపోతుంది. పవర్ బూస్టర్ బతికేదే ఆ వ్యాక్యూమ్ మీద. అంటే చప్పుడు కోసం డబ్బిచ్చి బ్రేకుని బలహీనం చేసుకుంటున్నారన్నమాట. పార్కింగ్‌లో మెల్లగా వెళ్తూ తొక్కితే పెడల్ రాయిలా ఉంటుంది. మీకు చప్పుడు కావాలంటే మంచి డ్యూయల్ ఎగ్జాస్ట్ వేయించండి, క్యామ్ జోలికి వెళ్లకండి.

బ్రేకుల పక్కనే ప్రాణానికి సంబంధించినవి ఇంకో రెండు. ఆ కార్లలో సాధారణంగా నడుముకి మాత్రమే బెల్టు. అమెరికాలో భుజం బెల్టు తప్పనిసరి అయింది 1968 జనవరి నుంచి, ముందు సీట్లకి తలవాల్చే దిండ్లు 1969 జనవరి నుంచి. కూపే కాబట్టి పైకప్పు రైల్‌కి రీఇన్‌ఫోర్స్‌మెంట్ ప్లేటుతో మూడు పాయింట్ల బెల్టు బిగించవచ్చు, ఇది మానొద్దు. రెండోది పెట్రోల్ ట్యాంక్. ఈ మస్టాంగ్‌లో ట్యాంక్ పైభాగమే డిక్కీ ఫ్లోరు, డిక్కీకీ వెనక సీటుకీ మధ్య అట్ట తప్ప ఏమీ లేదు. వెనక నుంచి గుద్దితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సీటు వెనక బిగించే స్టీలు ప్లేటు కిట్లు దొరుకుతాయి, ఖర్చు తక్కువ. పిల్లలున్నారని రాశారు. బూస్టర్ సీటుకి భుజం బెల్టు ఉండి తీరాలి, కాబట్టి వెనక కూడా ఆ ఏర్పాటు అయ్యేదాకా పిల్లల్ని ఎక్కించకండి, ఎంత ఏడ్చినా సరే.

స్టీరింగ్. కాంటన్‌లో మా స్నేహితుడొకరు భార్య పుట్టినరోజుకని ఒక ఫాస్ట్‌బ్యాక్ తయారుచేశాడు. రంగు చూస్తే కళ్లు తిప్పుకోలేం. నాలుగు గేర్ల మాన్యువల్, బరువైన క్లచ్, పవర్ స్టీరింగ్ లేదు, ఇందాక చెప్పిన క్యామ్. ఆవిడ ఫోటోలు దిగింది, కొద్దిరోజులు తిప్పింది, ఆ తర్వాత తాళం మళ్లీ అడగలేదు. ఇప్పుడు ఎవరైనా అడిగితే 'అది ఆయన కారు' అంటుంది. ఆ కారులో లోపం లేదు, కట్టింది మాత్రం అతని కాళ్లకి, చేతులకి.

అందుకే సర్‌ప్రైజ్ విషయంలో అంత గట్టిగా చెప్పాను. మా ఆవిడ ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. ఈ కార్ల సీటు ఎత్తు సర్దుకునే వీలుండదు, ముందుకీ వెనక్కీ మాత్రమే జరుగుతుంది. కొత్త ఫోమ్ వేయించేటప్పుడు కింద భాగం కాస్త ఎత్తు పెంచి, వీపు దగ్గర మందం చేయించాం. చిన్న పనే, కానీ కొలతకి మనిషి కూర్చోవాలి. ఆవిడ లేకుండా ఎవరి కొలత తీసుకుంటారు? ఏ ఫ్రెండ్ కారులోనైనా మీ ఆవిడని ఓసారి కూర్చోబెట్టి, ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పించండి, క్లచ్ తొక్కించండి. అప్పుడే తేలిపోతుంది.

అప్పటి పవర్ స్టీరింగ్ వేరే పద్ధతి: లింకేజీకి తగిలించిన రామ్ (ఆయిల్ ఒత్తిడితో తోసే గొట్టం), కంట్రోల్ వాల్వ్. ఎప్పుడూ ఆయిల్ కారుతూ ఉంటుంది. దాన్ని తీసేసి బోర్గెసన్ వాళ్ల స్టీరింగ్ బాక్స్ వేస్తే చేతికి హాయి. లేదంటే డ్యాష్ కింద ఇమిడిపోయే ఎలక్ట్రిక్ కిట్లున్నాయి. దీంతోపాటే ముందు సస్పెన్షన్‌లో చక్రాన్ని పైనుంచి పట్టుకునే కంట్రోల్ ఆర్మ్‌ని ఒక అంగుళం కిందకి దించే పాత ఉపాయం చేయించండి. ఫోర్డ్ ఇంజనీర్ క్లౌస్ ఆర్నింగ్ పేరుతో చెప్తారు, తొలి షెల్బీ కార్లలో (మస్టాంగ్‌లోనే రేసు తరహావి) వాడారు. నాలుగు రంధ్రాలు వేయడమే పని. ఏదీ కోయొద్దన్న నా నియమానికి ఇదొక్కటే మినహాయింపు. మలుపుల్లో కారు తీరే మారిపోతుంది. ఆ తర్వాత రేడియల్ టైర్లకి తగ్గట్టు అలైన్‌మెంట్ చేయించాలి, పాత పుస్తకంలో అంకెలు అప్పటి బయాస్ రకం టైర్లవి.

కూలింగ్, కరెంటు కలిపి చూడాలి. ఏసీ పెట్టిస్తే రేడియేటర్ పెద్దది కావాలి, ఫ్యాన్ చుట్టూ ష్రౌడ్ అనే తొడుగు ఉండాలి (చాలా కార్లలో అది ఎప్పుడో మాయమై ఉంటుంది). ఎలక్ట్రిక్ ఫ్యాన్ వేస్తే ఒరిజినల్ ఆల్టర్నేటర్, అది సుమారు 40 ఆంప్స్‌ది, చాలదు. తర్వాతి ఫోర్డులలో వచ్చిన, 3జీ అని పిలిచే 130 ఆంప్స్ ఆల్టర్నేటర్ వేయించి, బ్యాటరీకి కొత్తగా లావు వైరు, ఫ్యూజు పెట్టించాలి. పాత వైరు మీదే అంత కరెంటు పంపితే కాలిపోతుంది. హెడ్‌లైట్ల కరెంటు మొత్తం డ్యాష్ స్విచ్ గుండానే వెళ్తుంది, రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్‌లు) వేస్తే వెలుగు పెరుగుతుంది, స్విచ్ బతుకుతుంది. పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటు తెంపే పాత స్విచ్) తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేసేటప్పుడు గుర్తుంచుకోండి: ఫోర్డ్ కాయిల్‌కి వెళ్లే దారిలో గులాబీ రంగు రెసిస్టర్ వైరు ఉంటుంది. కొత్త మాడ్యూల్‌కి ఆ తగ్గిన ఓల్టేజ్ ఇస్తే కారు ఒక రోజు స్టార్ట్ అవుతుంది, ఒక రోజు అవదు. దానికి నిండా 12 ఓల్టులు వేరే దారిలో ఇవ్వాలి.

కార్బ్యురేటరా, ఫ్యూయల్ ఇంజెక్షనా? ఆటోలైట్ రెండు బ్యారెల్ కార్బ్యురేటర్ మంచిది, తేలిగ్గా బాగవుతుంది. కానీ ఈ రోజుల్లో పెట్రోల్‌లో ఇథనాల్ కలుపుతారు, రెండు వారాలు కదపకపోతే కార్బ్యురేటర్‌లో ఉన్నది ఆవిరైపోయి చాలాసేపు క్రాంక్ చేయాల్సి వస్తుంది. మీ ఆవిడ ఆదివారం ఉదయం తాళం తిప్పగానే బయల్దేరాలంటే కార్బ్యురేటర్ స్థానంలో బిగించే హోలీ స్నైపర్ లాంటి థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ టెన్షన్ తగ్గిస్తుంది. దానికి హై ప్రెషర్ పంపు, ట్యాంకుకి రిటర్న్ లైన్ పద్ధతిగా వేయాలి. ఏది వేసినా ఆయిల్ మాత్రం పాత ఇంజిన్లకి తగినట్టు జింక్ ఎక్కువున్నదే పోయండి, వాటిలో రాసుకుంటూ తిరిగే ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్‌కి అది కావాలి.

గేర్ల గురించి ఒక్క మాట. ఒరిజినల్ సీ4 ఆటోమేటిక్‌కి మూడే గేర్లు. హైవే మీద 70 మైళ్ల దగ్గర ఇంజిన్ దాదాపు 3,000 ఆర్‌పీఎం తిరుగుతుంది, మాటలు వినపడవు. ఊళ్లో తిప్పుకునేదానికి సీ4 చాలు. షికాగో దాకా వెళ్దాం అనుకుంటే వచ్చే ఏడాది ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజిన్ వేగం తగ్గించే అదనపు గేరు) ఉన్న గేర్‌బాక్స్ గురించి ఆలోచించండి, ఇప్పుడు వద్దు.

రంగు బాగానే ఉంటే ఈ ఏడాది పెయింట్ ముట్టుకోకండి. టింకరింగ్, పెయింటింగ్ షాపుకి వెళ్లిన కారు ఎప్పుడు తిరిగొస్తుందో ఎవరూ చెప్పలేరు. మా ఫ్రెండ్ ఒకరికి రెండు నెలలు అని చెప్పిన షాపు ఏడాది దాటినా కారు ఇవ్వలేదు, డబ్బు మొత్తం ముందే కట్టేశాడు మరి. ఎప్పుడైనా ఇస్తే దశలవారీగా కట్టండి, ప్రతి దశకీ ఫోటోలు అడగండి.

ఇన్సూరెన్స్ మామూలు పాలసీ కాకుండా 'అగ్రీడ్ వేల్యూ' తీసుకోండి, విలువ ముందే రాసుకుంటారు. మిషిగన్‌లో పాత కార్లకిచ్చే హిస్టారిక్ నంబర్ ప్లేట్ చవక, కానీ పెరేడ్లు, కార్ షోలు, క్లబ్ కార్యక్రమాలకే. ఒక్క ఆగస్టులో మాత్రం మామూలుగా తిప్పుకోవచ్చు. వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ (డెట్రాయిట్ దగ్గర జరిగే పాత కార్ల పండగ) ఆగస్టులోనే కాబట్టి దానికి సరిపోతుంది. ఆవిడ దానిలో ఆఫీసుకీ, గుడికీ వెళ్లాలంటే మామూలు ప్లేటే తీసుకోండి. నోవై వెంకటేశ్వరస్వామి గుడిలో వాహన పూజ చేయిస్తారు కదా, అదీ చెప్తాను: ఎప్పుడైనా కొత్త పెయింట్ వేయిస్తే అది పూర్తిగా గట్టిపడటానికి వారాలు పడుతుంది. తడి పసుపు హుడ్ మీద నేరుగా పెడితే మరక దిగిపోతుంది. బంపర్ క్రోమ్ మీద పెట్టమని పూజారిగారిని అడగండి. టైర్ల కింద నిమ్మకాయలకి నా అభ్యంతరం లేదు.

సమయం ఇలా సర్దుకోండి. కారు ఇప్పుడే కొని ఆవిడకి చూపించేయండి, పెళ్లిరోజు దాకా ఆగక్కర్లేదు. నవంబర్‌లో ఎలాగూ రోడ్ల మీద ఉప్పు పడుతుంది, కారు లోపలే ఉంటుంది. అప్పుడు బ్రేకులు, బెల్టులు, స్టీరింగ్, సీట్లు చేయించండి. ఫిబ్రవరి, మార్చిల్లో వైరింగ్, రేడియేటర్. మొదటి వసంతం వాన ఉప్పు కడిగేశాక నెల రోజులు ఇంటి చుట్టుపక్కలే తిప్పండి, లీకులూ చప్పుళ్లూ అప్పుడే బయటపడతాయి.

ఈ శనివారం కారు చూడటానికి వెళ్తే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేస్తానని అమ్మేవాడికి ముందే చెప్పండి, వెళ్లేసరికి వేడిగా ఉంటే ఎందుకో అడగండి. ఫెండర్ లోపలి నంబర్, డోర్ ప్లేట్, కౌల్ కింద, నాలుగు ఫ్రేమ్ రైల్స్ ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి, నంబర్‌లో చివరి ఆరంకెలు కప్పేసి. కోడ్ చదివి ఆ 28,000కి తగునో లేదో చెప్తాను.